సీసపు అక్షరం

"'అజాగ్రత్త వల్ల' అని రాయనా, 'పొరపాటున' అని రాయనా?" అని అడిగాడు భర్త, కలం గాల్లో పెట్టుకుని.

కోడలు బల్లకి అటుపక్క కూర్చుని అతని చేతికేసి చూస్తోంది. అతనిది చక్కటి దస్తూరి. కళ్ళద్దాల షాపులో రోజంతా అద్దాలు అరగదీసే చెయ్యి కదా, గీత వంకర పోదు. తన పేరు అంత అందంగా ఎవరూ ఎప్పుడూ రాయలేదు. రాసిన సందర్భం మాత్రం ఇది.

"'పొరపాటున' అనే రాయరా," అంది అత్తగారు, ఆరిన బట్టలు మడత పెడుతూనే. "అజాగ్రత్త అంటే కమిటీవాళ్ళు దాన్నే పట్టుక్కూర్చుంటారు. నలభై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని, ఆమాత్రం తెలీదూ? పొరపాటంటే మనిషన్నాక జరుగుతుందిలే అనుకుంటారు. కాస్త జాలి కూడా పడతారు."

"నేను చెయ్యని పొరపాటుకి నామీద జాలెందుకు అత్తయ్యా?"

"మళ్ళీ మొదటికొచ్చింది," అంది ఆవిడ కొడుకుతో, కోడలు ఆ గదిలో లేనట్టు.

ఇది మూడో కాగితం. మొదటిది నిన్న కోడలు చింపేసింది. రెండోదాని మీద పొద్దున్న టీ ఒలికింది. చెయ్యి జారిందంది గానీ, ఎవరూ నమ్మలేదు. ఆమాటకొస్తే తనూ నమ్మలేదు. మూడోది మొదలుపెట్టకముందే అత్తగారు టీ గ్లాసులన్నీ లోపల పెట్టించింది. రేపు పదింటికి కాలేజీలో విచారణ కమిటీ. సంతకం పెట్టిన కాగితం తొమ్మిదిన్నరకల్లా ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండాలి.

కమిటీ అడిగేదల్లా ఒక్కటే. ఎమర్జెన్సీ వార్డులో ఆ ఎక్స్‌రే ఫిల్ము తీసిందెవరు?

ఫిల్ము మీద అక్షరం పక్కన పదిహేడు అనే అంకె ఉంది. పదిహేడు కోడలిది. రేడియోగ్రఫీ డిగ్రీలో చేరిన ప్రతి పిల్లకీ మొదటి ఏడే రెండు సీసం బిళ్ళలిస్తారు. ఒకదాని మీద కుడి, ఇంకోదాని మీద ఎడమ అని తెలిపే అక్షరం, దాని పక్కన ఆ పిల్ల రోల్ నంబరు. ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంటుది ఏ పక్కో ఆ బిళ్ళ పెట్టాలి. ఎముకతో పాటు అదీ ఫిల్ములో తెల్లగా పడుతుంది. ఎవరి బిళ్ళ ఉంటే వాళ్ళే తీసినట్టు. అది సంతకంతో సమానం, ఒకరిది ఒకరు వాడకూడదు అని మొదటిరోజే చెబుతారు. చెప్పినప్పుడు అందరూ తలూపుతారు.

వారం కిందట ఓ స్కూలు బస్సు డ్రైవర్ని ప్రమాదంలో దెబ్బలతో తీసుకొచ్చారు. స్పృహ లేదు. కుడి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి నొక్కేస్తోంది. పడుకున్న మనిషికి పడుకున్నట్టే చక్రాల మెషీనుతో ఫిల్ము తీశారు. కుడి బిళ్ళ ఉండాల్సిన కుడి భుజం మీద ఎడమ బిళ్ళ పెట్టారు. గాలి గుండెను కూడా పక్కకి తోసేసింది కాబట్టి, గుండె ఎటుందో చూసి పోల్చుకునే వీల్లేకపోయింది. డ్యూటీ డాక్టరు అక్షరాన్ని నమ్మి, బాగున్న ఎడమ పక్క గాలి తీసే గొట్టం దించాడు. ఆ మనిషి ఇప్పటికీ ఊపిరి మెషీను మీదే ఉన్నాడు. అతని భార్య వార్డు బయట బల్ల మీద కూర్చుని, తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎవరు వెళ్ళినా లేచి నిలబడుతోంది.

ఆ రోజు ఎమర్జెన్సీలో పోస్టింగు ఇద్దరికి. కోడలికీ, ఆడపడుచు గువ్వకీ. గువ్వది పద్దెనిమిదో నంబరు. తన బిళ్ళలు ఇంట్లో మర్చిపోయింది. "ఒక్కసారి నీవియ్యవా వదినా," అంది. ఇచ్చింది. అంతలో ఇన్‌ఛార్జి కేకేసి, ఎవరో ఒకళ్ళొచ్చి ఏడుస్తున్న పసిపిల్ల చెయ్యి పట్టుకోమన్నాడు, కోడలు పక్కగదిలోకి వెళ్ళింది. వచ్చేసరికి ఫిల్ము అయిపోయింది. బిళ్ళలు తిరిగి తన జేబులోకొచ్చాయి. పేషెంటు కంగారులో డ్యూటీ డాక్టరు ఫిల్ము తీసిందెవరో చూడలేదు. టీ తాగుతూ ఉండిపోయిన ఇన్‌ఛార్జికి ఎవరు తీశారో తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

"మీ ఇంట్లో మీరు తేల్చుకు రండమ్మా," అన్నాడు నిన్న. "నాకైతే పదిహేడు కనిపిస్తోంది."

ఇంట్లో తేల్చుకోవడం అంటే ఇదన్నమాట.

"చూడు," అన్నాడు భర్త కాగితం పూర్తిచేసి, కలం మూత పెట్టి, షాపులో బేరానికొచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో. "ఎలాగూ బిళ్ళలు ఇచ్చినందుకు నీకూ శిక్ష ఉంటుంది. నిజం చెబితే ఇద్దరూ పోతారు. నువ్వొక్కదానివి ఒప్పుకుంటే ఒక్కరితో పోతుంది. లెక్క తేలిగ్గానే ఉంది కదా."

"బిళ్ళలు ఇచ్చినందుకు పదిహేను రోజులు పక్కన పెడతారు. నేను తీశానని రాస్తే కాలేజీలోంచే తీసేస్తారు. ఇంకో కాలేజీలో కూడా చేరనివ్వరు. రెండూ ఒకటేనా?"

"రెండు నెలల్లో అయిపోయే చదువు..."

"రెండు నెలల్లో అయిపోతుంది కాబట్టే అడుగుతున్నాను. లాగ్‌బుక్కులో ఇంక పదకొండు ఫిల్ములు మిగిలాయి నాకు. మూడేళ్ళ పైన చేశాను. పదకొండు మిగిలాయి."

"గువ్వకీ అంతేగా మిగిలింది," అంది అత్తగారు. "అది పెళ్ళి కావాల్సిన పిల్ల, రేపు ఎక్కడికెళ్తుందో ఏమో, దానికి చేతిలో ఓ డిగ్రీ ఉండాలి. నీకేం, మొగుడున్నాడు, ఇల్లుంది. నిన్నెవరైనా బయటికి పొమ్మన్నారా?"

ఆవిడ కేకలేసే రకం కాదు. ఆవిడ గొంతు లేవగా కోడలు ఒక్కసారి కూడా వినలేదు. సూది గుచ్చేముందు "ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అనే గొంతుతోనే ఎంతటి మాటైనా అనేస్తుంది. అందుకే ఆవిడ అన్నవి కాసేపయ్యాక గానీ తెలిసేవి కావు.

"నేనడిగేది ఒక్కటే అత్తయ్యా. గువ్వని బయటికి రమ్మనండి. నా మొహం చూసి నేనే తీశాను వదినా అనమనండి. బయట చెప్పొద్దు. ఈ నాలుగు గోడల మధ్య చెప్పమనండి. తర్వాత సంతకం సంగతి ఆలోచిస్తాను."

"దానికి జ్వరంగా ఉంది."

"థర్మామీటరు పెట్టారా?"

అత్తగారు చేతిలో దుప్పటి మడత ఆపి, కోడలికేసి మొదటిసారి తిన్నగా చూసింది. నర్సుని ఆమాట అడిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

కోడలు లేచి గువ్వ గది తలుపు దగ్గరికి వెళ్ళింది. రెండ్రోజుల్నించి ఆ తలుపు అన్నానికి తప్ప తెరుచుకోలేదు. అన్నం కంచం మాత్రం ప్రతిసారీ ఖాళీగానే బయటికొచ్చింది.

"గువ్వా."

లోపల మంచం చప్పుడైంది.

"గువ్వా, నేనేనే. తలుపు తియ్యి. కొట్టనులే."

ఒకప్పుడైతే ఈ మాటకి లోపల్నించి కిసుక్కున నవ్వు వినపడేది. కాలేజీలో మొదటి ఏడు పక్కపక్క నంబర్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పట్నించీ ఒకళ్ళని విడిచి ఒకళ్ళు లేరు. ఒకరినొకరు మంచం మీద పడుకోబెట్టి, తుంటి ఎముక ఎక్కడుంది, వెన్నుపూస ఏది ఎన్నోది అని వేళ్ళతో వెతికి, చక్కిలిగిలి పుట్టి కింద పడి దొర్లేవాళ్ళు. అప్పుడు ఒసే అంటే ఒసే. పెళ్ళయ్యాక ఒసే పోయి వదినా వచ్చింది. మిగతాదంతా ఎప్పట్లాగే ఉందనుకుంది, పిచ్చిది.

గువ్వలో ఉన్న చిక్కు కోడలికి మొదటి నెల్లోనే తెలిసింది. గువ్వకి కుడి ఎడమ తెలీవు. తెలివితక్కువ పిల్ల కాదు. పుస్తకం అప్పజెప్పమంటే గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. కానీ కుడెటో అడిగితే, వీపు వెనక చెయ్యి పెట్టుకుని గాల్లో తన పేరు రాసి చూసుకుంటుంది, ఏ చేత్తో రాస్తుందో అది కుడి. అదీ తనవరకే. పేషెంటు ఎదురుగా పడుకుంటే అతని కుడి తన ఎడమ వైపు వస్తుందిగా, అక్కడ అంతా కలగాపులగం.

దానికి కోడలే ఓ ఉపాయం కనిపెట్టింది. కాలేజీ ఎక్స్‌రే గదిలో బల్ల కదలదు. పేషెంటు వెల్లకిలా పడుకుంటే కుడి ఎప్పుడూ తలుపు పక్క, ఎడమ ఎప్పుడూ కిటికీ పక్క. "తలుపు," "కిటికీ" అని గొణిగితే చాలు. రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో పరీక్షాధికారి ముందు గువ్వ బిళ్ళ పట్టుకుని నీళ్ళు నములుతుంటే, వరసలో నిలబడ్డ కోడలు తలుపుకేసి చూసి దగ్గింది. గువ్వకి ఫస్టు క్లాసొచ్చింది.

ఎమర్జెన్సీలో మంచాలకి చక్రాలుంటాయి. ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. అక్కడ తలుపూ లేదు, కిటికీ లేదు. ఆ పూట వదిన కూడా పక్కగదిలో ఉంది.

తలుపు తెరుచుకుంది.

గువ్వ జుట్టు దువ్వుకుని ఉంది. మొహం కడుక్కుని ఉంది. జ్వరం వచ్చిన మొహం కాదది. ఏం చెప్పాలో నాలుగైదుసార్లు అద్దం ముందు అనుకుని వచ్చిన మొహం.

"నేను తియ్యలేదు," అంది.

కోడలికి వెంటనే అర్థం కాలేదు. "ఏమిటి?"

"ఆ ఫిల్ము నేను తియ్యలేదు. నువ్వే తీశావు వదినా. నేను పక్కగదిలో పసిపిల్ల చెయ్యి పట్టుకున్నాను. నీకు కంగారులో గుర్తులేదు."

నెత్తిమీద కొట్టినా ఇంకోలా ఉండేది. తను పట్టుకున్న చెయ్యి, తను విన్న ఏడుపు, తన ఒళ్ళో పడ్డ కన్నీళ్ళు కూడా ఈ పిల్ల ఎత్తుకుపోయింది.

"ఆ పిల్ల గౌను రంగేమిటి?" అని అడిగింది కోడలు.

గువ్వ తల్లికేసి చూసింది.

"అటు చూడకు. చెయ్యి పట్టుకున్నదానివి నువ్వేగా. గౌను రంగేమిటి?"

"ఏమిటా కోర్టు ప్రశ్నలు?" అన్నాడు భర్త. "అది ఆడపిల్ల, బెదిరిపోదూ?"

"నేనేమిటండీ మరి?" అంది కోడలు.

అతను కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

కోడలు విసురుగా వెళ్ళి ముందుగదిలో మంచం మీదున్న బట్టల మడతలన్నీ కిందకి తోసేసింది. అత్తగారు "అయ్యో అయ్యో" అంటున్నా వినిపించుకోకుండా వెల్లకిలా పడుకుంది. బిళ్ళలు కమిటీవాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. చెయ్యి చాచి కిటికీలో ఉన్న దగ్గు మందు సీసా మూత తీసి గువ్వకేసి గిరాటేసింది.

"ఇది ఎడమ బిళ్ళనుకో. నా ఎడమ భుజం మీద పెట్టు."

"ఏం నాటకాలివి?" అంది అత్తగారు. "లే పైకి."

"గువ్వ తియ్యలేదుగా. నేనేగా తీసింది. మరి భయమెందుకు? మూడేళ్ళ పైన చదివింది. పెట్టమనండి."

గువ్వకి పౌరుషం వచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి. "పెడతాను. పెట్టలేననుకున్నావా?" అని మూత తీసుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. ఎడంచెయ్యి వీపు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది. కుడిచెయ్యి వెళ్ళింది. భర్త కుర్చీలోంచి లేచి, చెల్లెలి వెనకే నిలబడి, తన ఎడంచెయ్యి కొంచెం పైకెత్తి చూసుకుని, మంచం మీద మనిషిని చూసి, చెయ్యి దించేశాడు. చెల్లెలు తప్పు పక్కే పెట్టబోతోందని అతనికి తెలిసిపోయింది.

గువ్వ వంగి, ఎంతో జాగ్రత్తగా, ఆ మూతని వదిన కుడి భుజం మీద పెట్టింది.

కోడలు కదల్లేదు. కళ్ళు కప్పుకేసి పెట్టి పడుకుంది. ఆ డ్రైవరు కూడా ఇలాగే పడుకుని ఉంటాడు. అతనికైతే కళ్ళు కూడా మూసుకుపోయి ఉన్నాయి, చెప్పే నోరు లేదు.

"సరిగ్గానే పెట్టానుగా?" అంది గువ్వ చిన్న గొంతుతో.

అత్తగారు నింపాదిగా వచ్చి, కోడలి భుజం మీంచి మూత తీసి, సీసాకి బిగించి, కిటికీలో పెట్టింది. చీరకి చెయ్యి తుడుచుకుంది.

"అయిందా?" అంది. "ఇప్పుడేమంటావు? నా కూతురికి కుడి ఎడమ తెలీవు. ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా? దానికి నాలుగేళ్ళప్పట్నించీ తెలుసు. చెప్పులు తిరగేసి వేసుకుని బడికి వెళ్ళేది. ఎన్ని తిట్లు తిట్టాను, ఎన్ని దెబ్బలు కొట్టాను. రాలేదు. రాదు."

"తెలిసీ ఈ చదువులో చేర్పించారా?"

"ఇందులోనే సీటొచ్చింది. మొదటి ఏడు ఎలా గట్టెక్కిందో నాకర్థం కాలేదు. రెండో ఏడు ప్రాక్టికల్స్ రోజున నేను వరండాలో కూర్చున్నాను, గుర్తుందా? తలుపు తెరిచే ఉంది. నువ్వు దగ్గడం చూశాను."

కోడలు మెల్లగా లేచి కూర్చుంది.

"సరిగ్గా పదిహేను రోజులకి మీ ఇంటికొచ్చి మీ అమ్మతో మాట్లాడాను," అంది అత్తగారు, అదే సూది గొంతుతో. "మన పిల్లలిద్దరూ ప్రాణస్నేహితులు, విడదీయడం ఎందుకండీ అన్నాను. మీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరి నేను నిన్నెందుకు తెచ్చుకున్నాననుకున్నావమ్మా? నీ అందానికా? దానికి పక్కన ఓ మనిషి కావాలి. స్నేహితురాలైతే ఇవాళుంటుంది, రేపు పోతుంది. కోడలైతే ఇంట్లో ఉంటుంది. పోస్టింగులకి కలిసి వెళ్ళొచ్చు, కలిసి రావచ్చు. దగ్గాల్సిన చోట దగ్గొచ్చు. నీకున్న పని అదొక్కటే. వారం కిందట ఆ పనే చెయ్యలేకపోయావు. ఎవరి పిల్ల చెయ్యో పట్టుకుని కూర్చున్నావు. కాబట్టి తప్పెవరిది? నన్నడిగితే నీదే."

పెళ్ళిచూపులనాడు గువ్వ తన చెవిలో చెప్పిన మాట కోడలికి గుర్తొచ్చింది. 'అమ్మకి నువ్వంటే ఎంతిష్టమో తెలుసా? నిన్ను తప్ప ఇంకెవర్నీ చేసుకోనివ్వనంది అన్నయ్యని.' ఆ మాటని రెండేళ్ళుగా కష్టం కలిగినప్పుడల్లా తీసి చూసుకునేది. అత్తగారు ఎంత పుల్ల విరిచినట్టు మాట్లాడినా, లోపల ఇష్టముందిలే అని సర్దుకునేది.

భర్తకేసి తిరిగింది. "మీకు తెలుసా?"

అతను కాగితం అంచు సరిచేస్తున్నాడు.

"అడుగుతున్నాను. పెళ్ళికి ముందే తెలుసా మీకు?"

"అమ్మ చెప్పింది," అన్నాడు. "దాంట్లో ఏముంది? ఎవరో ఒకర్ని చేసుకోవాలిగా. నువ్వు నచ్చావు కూడా."

కోడలికి ఆ "కూడా" దగ్గర నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. భర్త భయపడి మంచినీళ్ళ గ్లాసు తెచ్చాడు. ఆమె గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, కలం మూత తీసింది. 'పొరపాటున' అన్న మాట దగ్గరనించి చివరిదాకా పూర్తిగా చదివింది. కింద సంతకం పెట్టింది. పక్కన పదిహేడు అని అంకె కూడా వేసింది.

"ఇదిగోండి," అంది.

అంత సులువుగా అవుతుందని ఎవరూ అనుకోలేదు. అత్తగారు ముందుకొచ్చి సంతకం చూసింది. "మంచిదమ్మా," అంది. "రెండ్రోజులు బాధగా ఉంటుంది. తర్వాత అదే పోతుంది."

"రేపట్నించి నేను కాలేజీకి రానుగా," అంది కోడలు. గువ్వకేసి చూస్తూ అంది. "పొద్దున్న ఎనిమిదింటికి ఎమర్జెన్సీలో నీ పేరుంది. నిన్న నోటీసు బోర్డులో చూశాను. పదిహేడు కొట్టేశారు. నువ్వొక్కదానివే. ఎవరొస్తారో తెలీదు. ఏ మంచం ఎటు తిరిగుంటుందో తెలీదు. నీ బిళ్ళలు మర్చిపోకుండా పట్టుకెళ్ళు. అవి నీవే కాబట్టి ఈసారి నీ నంబరే పడుతుంది."

అత్తగారి చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. ఇంత లెక్క వేసిన మనిషి, ఈ ఒక్కటీ మర్చిపోయింది. పక్కన ఉంటుందని తెచ్చుకున్నదాన్నే పక్కనించి తీసేసింది.

"రెండు నెలలేగా," అంది. "జాగ్రత్తగా చేసుకుంటుంది."

"నేను వెళ్ళను," అంది గువ్వ.

"నోర్ముయ్."

"నేను వెళ్ళనమ్మా. నావల్ల కాదు. అందరూ తొందర పెడతారు. ఆ డ్రైవరు గుర్రుమంటున్నాడు, డాక్టరు కానీ కానీ అని అరుస్తున్నాడు, వదిన ఎంతకీ రాలేదు. నేను రెండుసార్లు పేరు రాసుకుని చూసుకున్నాను. రెండుసార్లూ..." అంటూ ఆగింది.

ఏమన్నదో తనకే అప్పుడు తెలిసింది. తల్లి లెంపకాయ కొట్టింది. గువ్వ ఏడవలేదు, చెంప పట్టుకోలేదు. కోడలి పక్కన నేలమీద కూలబడి మోకాలు పట్టుకుంది.

"నువ్వు మానెయ్యకు వదినా. నువ్వు లేకపోతే నేనింకొకళ్ళని చంపేస్తాను."

"ఇంకొకళ్ళనా?" అంది కోడలు. "మొదటివాళ్ళని ఎవరు చంపుతున్నారు? ఈ కాగితం ప్రకారం నేనేగా?"

కోడలికి ఒక్క క్షణం జాలేసింది. వెంటనే ఆ జాలి మీద అసహ్యం వేసింది. ఈ పిల్ల ఏడ్చినా తనకోసమే, కాళ్ళు పట్టుకున్నా తనకోసమే. అయినా ఇంకో తెల్ల కాగితం తీసి గువ్వ ముందు పెట్టింది.

"రాయి. తీసింది నేను, బిళ్ళలు వదినవి అని రాయి. మీ అమ్మకేసి చూడకు. కాగితంకేసి చూడు."

గువ్వ రాసింది. అక్షరాలు కొంకర్లు పోయాయి గానీ చదవడానికి వస్తాయి. రెండే వాక్యాలు. కింద సంతకం, పద్దెనిమిది. తల్లి లాక్కోబోతే కోడలు మధ్యలో నిలబడింది. రెండేళ్ళలో అత్తగారికి అడ్డం నిలబడటం అదే మొదలు.

"చించెయ్యరా అది!" అంది అత్తగారు. మొట్టమొదటిసారి ఆవిడ గొంతు లేచింది.

భర్త వచ్చాడు. కోడలు కాగితం అతని చేతికే ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఏం ఆశించిందో అడిగితే తనూ చెప్పలేకపోయేది. అన్నీ విన్నాక కూడా మనిషికి చివర్న కాస్త ఏదో మిగులుతుంది, అదనుకోవాలి. అతను చెల్లెలి కాగితం చదివాడు. బల్ల మీదున్న భార్య కాగితం తీసుకున్నాడు. రెండూ ఒకదానిమీదొకటి పెట్టి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"రేపు నేనే వెళ్ళి ఇచ్చొస్తాను," అన్నాడు.

"ఏది?" అంది కోడలు.

"ముందు వార్డులో కనుక్కుంటాను. ఆ డ్రైవరు కోలుకుంటున్నాడంటే చెల్లెలి కాగితం ఇస్తాను. మనిషి బతికితే ఏ కమిటీ అయినా అంత పట్టించుకోదు. తిట్టి వదిలేస్తారు."

అత్తగారు కొడుకుకేసి చూసి, మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆవిడ మొహం తేటపడింది. పెంచిన పెంపకం వృథా పోలేదు.

"నా కాగితం నాకిచ్చెయ్యండి."

"నువ్వు పెట్టిన సంతకమేగా. నేనేమన్నా బలవంతం చేశానా?"

"అతను పోతే?" అంది కోడలు.

గువ్వ తలెత్తింది. అత్తగారు కింద పడ్డ బట్టలు ఒక్కొక్కటే ఏరుతోంది. భర్త జేబు గుండీ పెట్టుకుని, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"అన్నం పెట్టు," అన్నాడు.